నిత్యము ఒక గడియ తెలుగు



ఈ సంచికకు ఏదైనను వ్రాయుమని కార్యవర్గము వారు అడిగినప్పుడు, "నేను పదవ తరగతితో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. కందుల నాణ్యము చెప్పుమన్న చెప్పగలను గాని వ్యాసములు నాచేత నగునా?" అని తప్పించుకొన జూచితిని. వారు విడువలేదు. "రాత్రిపూట మీ యింటి పిల్లలకు చెప్పుచున్న పాఠమునే కాగితముపై పెట్టుడు" అనిరి. అదియే పెట్టుచున్నాను. ఇది ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదువు పిల్లలకును, వారి ప్రక్కన చాపమీద కూర్చుండవలసిన తల్లిదండ్రులకును వ్రాసినది. పండితులకు ఇందు క్రొత్త యేమియు ఉండదు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పవలెను. అది చెప్పక పాఠము మొదలుపెట్టిన, ఇంత పట్టుదల యెందుకో మీకు తెలియదు.

1987లో నాకు పదునెనిమిదేండ్లు. మా తండ్రిగారి ప్రక్కన గద్దెపై కూర్చుండి జాబులు వ్రాయుట నా పని. మా బళ్లారి 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రములో చేరినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. అయినను సరకునకు సరిహద్దు తెలియదు గదా! ఆవలి వర్తకులతో మా జాబులన్నియు తెలుగులోనే నడచెడివి. అట్టి వర్తకుడొకరు మాకు కందులు పంపిరి. పైకము శుక్రవారమునాడు ఇచ్చెదమని వారికి వ్రాయుమని నాయన చెప్పిరి. నేను గొప్పగా వ్రాయవలెనని తలచి "తమ పైకము చెల్లించనున్నాము" అనుటకు మారుగా "తమ పైకము చెల్లించియున్నాము" అని వ్రాసి, చదివి వినిపింపకయే తపాలాలో వేసితిని.

ఆ జాబు చూచి ఆ వర్తకుడు ఏమనుకొనును? అంతకు రెండు దినముల ముందు ఆయన గుమాస్తా వసూళ్లకై బళ్లారికి వచ్చి పోయియుండెను. మేము పైకము అతనిచేతికి ఇచ్చితిమనియు, అతడు దాచుకొనెననియు ఆయన తలచెను. వారము దినములు ఆ గుమాస్తాను గల్లాపెట్టె దగ్గరకు రానీయలేదట. శుక్రవారము గడచి పైకము చేరిన తరువాత సంగతి బయటపడినది. మా నాయన నన్నొక్క మాటయు అనలేదు. మరునాడు బస్సులో నన్ను వెంటబెట్టుకొని ఆ యూరు పోయి, యజమాని యెదుట గాక ఆ గుమాస్తా యెదుట నిలువబెట్టి, చేతులు జోడించి "మిచ్ఛామి దుక్కడం" అనుమనిరి. అతడు జైనుడు కాడు. ఆ మాట అతనికి తెలియదు. నాయన అర్థము చెప్పిన తరువాత అతడు నావంక చూచి, "నీ చేతివ్రాత మంచిగుంది అబ్బాయ్. దానికే నమ్మినారు" అనెను.

ఆ మాట నేటికిని నాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

తిరుగు ప్రయాణములో నాయన తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయములోని సంగతి చెప్పిరి. సత్యాణువ్రతమునకు అయిదు అతిచారములు కలవు. అందు కూటలేఖక్రియ, అనగా దొంగవ్రాత వ్రాయుట, ఒకటి. అచౌర్యమునకును అయిదు, అందు కొలతలు తూకములు హెచ్చుతగ్గులు చేయుట ఒకటి. "నీవు కావలెనని వ్రాయలేదు. కాని అతడు పడిన వారము దినముల బాధకు నీ ఉద్దేశముతో పని లేదు. తూకము రాయి అరిగినదని తెలిసియు మార్చనివాడును, భాష రాదని తెలిసియు నేర్వనివాడును ఒకటే" అనిరి. అప్పటినుండి నేను వ్యాకరణమును తూకపురాయి వలె చూచుట నేర్చితిని.

ఇక పాఠము. మనకు సామాయికము రెండు గడియలు, అనగా నలువది యెనిమిది నిమిషములు. పిల్లలకు తెలుగు కొరకు అందు సగము చాలును. ఒక గడియ, ఇరువదినాలుగు నిమిషములు. ఆదివారము నాలుగు గంటలు కూర్చుండబెట్టి వారమంతయు విడిచిపెట్టుట వలన ఫలము లేదు. మా యింట సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగియును గనుక దీపము పెట్టిన వెనుక ఒక గడియ దొరకుట కష్టము కాదు. మీ వీలును మీరు చూచుకొనుడు. వేళ మాత్రము మార్చకుడు.

స్వాధ్యాయమునకు మన పెద్దలు అయిదు అంగములు చెప్పిరి: వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. చదువుట, అడుగుట, ఆలోచించుట, వల్లించుట, ఇతరులకు చెప్పుట. ఏ బడిలోని పాఠక్రమమైనను ఇంతకంటె మంచిది చెప్పునా? అయిదింటిలో నేటి పిల్లలు విడిచిపెట్టినది రెండవది. అడుగరు. మా తమ్ముని కూతురు ఎనిమిదవ తరగతి. అది మాత్రము అడుగును, దానివలననే నాకు ఈ పాఠములు సాగుచున్నవి.

పుస్తకములు రెండు కావలెను. ఒకటి చిట్టా, ఒకటి ఆవర్జా. నవ్వకుడు. ఏనాటి లావాదేవీ ఆనాడు చిట్టాలో వ్రాసి, తరువాత ఎవరి ఖాతాకు వారిది ఆవర్జాలో ఎక్కించుట మన యిండ్లలో పుట్టిన పిల్లలకు వేరుగా నేర్పనక్కరలేదు. మాటలకును అదియే పద్ధతి. దినమునకు అయిదు క్రొత్తమాటలు చిట్టాలో తేదీ వేసి వ్రాయవలెను. శనివారమునాడు వానిని ఆవర్జాలోని నాలుగు ఖాతాలకు ఎక్కింపవలెను: తత్సమము, తద్భవము, దేశ్యము, అన్యదేశ్యము. నెల తుదిని పుస్తకము మూసి అడిగినప్పుడు చెప్పలేకపోయిన మాటలు బాకీల పుటలోనికి పోవును. ఏడాదిలో మూడువందల దినములు సాగినను పదునైదువందల మాటలు జమ. దీపావళికి క్రొత్త పుస్తకము తెరచునప్పుడు పాత బాకీలు ముందు పుటలో దించుకొనవలెను. ఈ ఒక్క నియమమునకు పిల్లలు భయపడుదురు గనుక అంతకుముందే బాకీలు తీర్చివేయుదురు.

మాటలు ఎక్కడినుండి తేవలెనందురా? ముందు అంగడినుండియే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా: ఇవన్నియు అన్యదేశ్యములు, పారసీకము ఉర్దూల తోవను వచ్చినవి. అప్పు, వెల, మూట, అమ్ము, కొను: ఇవి దేశ్యములు, మన నేలవి. ధనము, లాభము, నష్టము, ఋణము: ఇవి తత్సమములు. ఒక్క అంగడిలో మూడు ఖాతాలు నిండినవి. పిల్లవాడు గల్లాపెట్టె ప్రక్కన నిలుచుండి గంటసేపు విన్నచాలును.

మిగిలినది తద్భవముల ఖాతా. జైనుల యింటి పిల్లలకు దీనియందు ప్రత్యేకమైన చనువు ఉండవలెను. ఉన్న సంగతి మాత్రము వారికి తెలియదు. ఒకనాడు ప్రకృతి వికృతులు చెప్పుచు "ఉపాధ్యాయునకు వికృతి ఒజ్జ" అంటిని. పిల్ల వెంటనే ఒప్పుకొనలేదు.

"ఉపాధ్యాయుడు ఎక్కడ, ఒజ్జ ఎక్కడ పెదనాన్నా? ఒక్క అక్షరమైనా కలవలేదు కదా!"

"నమోకార మంత్రములో నాలుగవ నమస్కారము ఎవరికమ్మా?"

"ఉవజ్ఝాయాణం..." అని ఆగి, పెదవులతోనే రెండు మారులు అనుకొని, "ఓహో! ఉపాధ్యాయ, ఉవజ్ఝాయ, ఒజ్జ. మధ్యమెట్టు మన దగ్గర ఉన్నదే!" అని చప్పట్లు కొట్టినది.

నిజమే. సంస్కృతమునుండి తెలుగునకు వచ్చిన అనేక తద్భవములకు మధ్యమెట్టు ప్రాకృతము. మన ఆగమముల భాష అర్ధమాగధి ప్రాకృతములలో నొకటి. మనము ప్రతిదినము పలుకు ప్రార్థనలలో ఆ మెట్టు అట్లే నిలిచియున్నది. ధ్య అను జంటాక్షరము ప్రాకృతములో జ్ఝ అగును. ఉపాధ్యాయ శబ్దములో చూచితిమి. సంధ్య సంజె యగుటయు ఆ తోవనే. త్య అనునది చ్చ అగును: నిత్యము ణిచ్చ, మన నిచ్చలు. ద్య అనునది జ్జ అగును: వైద్యుడు వెజ్జు. క్ష అనునది ఒకచోట క్క, ఒకచోట చ్చ: పక్షి పక్కి యైనది, లక్ష్మి లచ్చి యైనది. మాట మొదటి య జ అగును: యోగి జోగి, యముడు జముడు, యశస్సు జసము. నా నోట ఆ గుమాస్తా యెదుట వచ్చిన మిచ్ఛామి దుక్కడమునందును ఇదే పని జరిగినది. మిథ్యా అనునది మిచ్ఛా, దుష్కృతము అనునది దుక్కడము. ఈ సూత్రములు అయిదారు తెలిసినచో పిల్లలు పుస్తకములోని ప్రకృతి వికృతుల పట్టికను గ్రుడ్డిగా వల్లింపనక్కర లేదు. సగము తామే కనుగొందురు.

వర్తకులమైన మనకు ఇందులో మరికొంత ముచ్చట కలదు. శ్రేష్ఠి ప్రాకృతములో సెట్ఠి, తెలుగున సెట్టి. వృద్ధి ప్రాకృతమున వడ్ఢి. అదియే మనము లెక్కకట్టు వడ్డి. వ్యవహారినుండి బేహారి. సాధువు ప్రాకృతమున సాహు. హిందీలోని సాహూకార్ శబ్దమునందలి సాహు అదియే, మనకు అది షావుకారుగా వచ్చినది. మంత్రములో అయిదవ నమస్కారము అందుకొను మాటయు, అప్పిచ్చువానిని పిలుచు మాటయు ఒక్క తల్లి బిడ్డలన్న మాట. ఈ సంగతి అంగడిలో చెప్పగా ఒక మిత్రుడు "అయితే వడ్డి తగ్గించుము" అనెను.

మన ఆచార్యులు వ్యాకరణమును పరులకు విడిచిపెట్టలేదు. గుజరాతున పండ్రెండవ శతాబ్దిలో హేమచంద్రాచార్యులు రచించిన సిద్ధహేమ శబ్దానుశాసనమునందు ఏడు అధ్యాయములు సంస్కృత వ్యాకరణము, ఎనిమిదవది ప్రాకృత వ్యాకరణము. తెలుగున ఛందస్సు చెప్పు కవిజనాశ్రయము మల్లియ రేచన పేర వెలసినది, ఆయన జైనుడు. ఇక కరీంనగరము జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదవ శతాబ్దిలో జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలలో నున్నది. తెలుగు భాగమున మూడు కంద పద్యములు కలవు. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. అన్న కన్నడమునకు కావ్యములిచ్చెను, తమ్ముడు తెలుగున పద్యములు బండమీద నిలిపెను. బడిలో కన్నడము చదివి యింట తెలుగు మాటలాడు మా బళ్లారి పిల్లలు "రెండు భాషలు ఎందుకు" అని విసుగుకొనినప్పుడు నేను ఈ అన్నదమ్ముల సంగతి చెప్పుచుందును.

కన్నడము తెలిసియుండుట అడ్డు కాదు, పెట్టుబడి. కన్నడపు హకారమును పకారముగా మార్చిచూచిన ఎన్ని తెలుగుమాటలు చేతికి వచ్చునో చూడుడు: హాలు పాలు, హులి పులి, హల్లు పల్లు, హూవు పువ్వు, హణ్ణు పండు. పంపని కాలపు కన్నడములో ఇట్టివి పకారముతోనే యుండెను. అయితే అన్ని నాణెములు రెండు బజారులలో చెల్లవు. కన్నడమున ఊట యనగా భోజనము, తెలుగున నీటి ఊట. తెలుగున బేడ యనగా పూర్వము రెండణాలు, కన్నడమున వలదని అర్థము. మా తాతగారు బేడ యిచ్చెదనన్న వద్దన్నారనుకొని వెడలిపోయిన కన్నడ కూలివాని కథ మా యింట మూడు తరములుగా చెప్పుకొందురు. నిజమో కాదో గాని పాఠమునకు పనికివచ్చుచున్నది.

ఇక క్రియలు. నా తప్పు క్రియలోనే జరిగినది గనుక ఇక్కడ కొంచెము నిలుతును. దినమునకు ఒక క్రియను తీసికొని దానిని అన్ని రూపములలో త్రిప్పవలెను. ఇచ్చు అను క్రియను తీసికొందము. ఇచ్చి (క్త్వార్థకము), ఇచ్చుచు (శత్రర్థకము), ఇచ్చినచో (చేదర్థకము), ఇచ్చినను (అప్యర్థకము), ఇయ్యక (వ్యతిరేకార్థకము). ఇవి అసమాపకములు, వీనితో వాక్యము ముగియదు. "పైకము ఇచ్చి" అని ఊరకున్నచో వినువాడు "ఆ, ఇచ్చి?" అని ఎదురుచూచును. అది పిల్లలకు చెప్పదగిన పరీక్ష: ఎదురుచూచుట ఉన్న అసమాపకము, లేకున్న సమాపకము. "ఇచ్చినచో" అనుటలో షరతు కలదు, "ఇచ్చినను" అనుటలో ఫలము లేదను సూచన కలదు. "పైకము ఇచ్చినచో సరకు పంపెదను" అన్నవాడు మంచి వర్తకుడు. "పైకము ఇచ్చినను సరకు పంపను" అన్నవానితో బేరము వలదు. రెండక్షరముల భేదము.

ఇచ్చి, ఇయ్య అను రెండింటి భేదము పిల్లలు గట్టిగా పట్టుకొనవలెను. "ఇచ్చి" అనునది పని జరిగినదని చెప్పును: ఇచ్చియున్నాను, ఇచ్చివేసితిని. "ఇయ్య" అనునది జరుగవలసిన పనిని మోయును: ఇయ్యనున్నాను, ఇయ్యవలెను, ఇయ్యవచ్చును, ఇయ్యరాదు. చెల్లించి, చెల్లించ, పంపి, పంప, తెచ్చి, తే. మా యింటి పిల్లలు ఒక్కొక్క క్రియను ఈ రెండు వరుసలలో వ్రాయనిదే నిద్రకు పోరు. అమ్ము క్రియలో ఇంకొక చిక్కు: "అమ్మక" యనగా అమ్మకుండ, "అమ్మకము" అనగా విక్రయము. చివరి ము జారినచో అంగడి మూతపడినట్లే.

క్రియలనుండి నామములు పుట్టుటయు చూపవలెను. కొలుచు, కొలత, తూగు, తూకము, నడచు, నడత. బడి చేరినచో: రాబడి, పెట్టుబడి, దిగుబడి, కట్టుబడి, పలుకుబడి. ఈ అయిదును చెప్పి ఆరవది తెమ్మంటిని. పిల్లవాడొకడు "తోపుడుబండి" అనెను. బండి వేరు, బడి వేరు నాయనా అంటిని.

ఆ సున్న సంగతి వచ్చినది గనుక చెప్పెదను. లెక్కలో ఒక సున్న యెక్కువైన వంద వేయి యగునని మన పిల్లలు ఎరుగుదురు. వ్రాతలో దానిని ఆవగింజకంటె తక్కువగా చూతురు. గత సంవత్సరము ఒక బాలుడు వర్షాకాలపు నాలుగు నెలల గురుదర్శనము గురించి వ్యాసము వ్రాసి నాకు చూపెను. చక్కని వ్యాసము. కాని చాతుర్మాస్యము అనవలసిన ప్రతిచోట "చాతుర్మాంసము" అని యున్నది! మాసము నెల, మాంసము ఏమిటో చెప్పనక్కర లేదు. మహారాజుగారి చేతికి పోకముందే నాకంట పడినది గనుక సరిపోయినది. నాటినుండి మా పిల్లలు సున్న పెట్టుటకు ముందు ఒక్కక్షణము ఆగుదురు. ల, ళలకును ఇట్లే: కల నిద్రలోనిది, కళ నేర్చునది. వ్రాసిన దానిని బిగ్గరగా చదువుట ఒక్కటే దీనికి మందు. నేనానాడు చేయనిదియు అదియే.

ఏకవచన బహువచనములకు కిరాణా సామానుకంటె మంచి పాఠము లేదు. పాలు, నీళ్లు, వడ్లు, పెసలు, కందులు నిత్య బహువచనములు. "పాలు విరిగినవి" అనవలెను, విరిగినది యనరాదు. బియ్యము, నెయ్యి నిత్యైకవచనములు. ఎన్ని బస్తాలున్నను "బియ్యము వచ్చినది". రాజస్థానమునుండియు గుజరాతునుండియు మన యిండ్లకు వచ్చిన కోడండ్రకు కష్టము ఇంకొకటి. వారి భాషలలో వస్తువులకును స్త్రీ పుంలింగములు కలవు గనుక "లారీ వచ్చినాడు" అని పలుకుదురు. నవ్వవలదు. తెలుగున మనుష్యులు కానివన్నియు ఒక్క తెగయే యని ఒకమారు చెప్పిన చాలును, వారే సవరించుకొందురు. తల్లి నేర్చిన గాని పిల్లలకు నిలువదు గనుక గడియసేపు ఆమెయు చాపమీద కూర్చుండుట మంచిది.

సంధులు సమాసములు అనగానే పిల్లలు మొగము చిట్లింతురు. పుస్తకములోని ఉదాహరణములు ప్రక్కకు పెట్టి మన యింటి మాటలను విప్పించుడు. జిన, ఆలయము: జినాలయము, సవర్ణదీర్ఘము. జిన, ఇంద్రుడు: జినేంద్రుడు, గుణము. ప్రొద్దున లేచి జయ జినేంద్ర అన్న ప్రతివాడును గుణసంధి చేసినవాడే. పరి, ఉషణము: పర్యుషణము, యణాదేశము. ఇక్కడ ర్యు హ్రస్వమని సంధి విప్పినచో తెలియును, పలికినప్పుడు మాత్రము మనలో పలువురు దీర్ఘము తీయుదురు. అనేక, అంతము: అనేకాంతము. స్యాత్, వాదము: స్యాద్వాదము, ఇది ఎనిమిదవ తరగతి వారికి. జీవాజీవములు, పుణ్యపాపములు ద్వంద్వములు. పంచ పరమేష్ఠులు ద్విగువు. అహింస నఞ్ తత్పురుషము. తెలుగు సంధులకు వంటిల్లు చాలును: కూర, కాయ కలిసి కూరగాయ, అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు. తాళము, చెవి కలిసి తాళపుచెవి. వీనికి సూత్రములు కావలెనన్నవారు చిన్నయసూరి బాలవ్యాకరణము చూడవచ్చును. అది 1858లో మద్రాసున వెలువడినది. మాటల అర్థములకు బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము, 1885, ఇదియు మద్రాసుదే. తెలుగునకు ఇంత పెద్ద పుస్తకములు నేటి ఆంధ్ర తెలంగాణముల వెలుపలి నగరమునుండియే వచ్చినవని మన ప్రవాసపు పిల్లలకు చెప్పుడు.

ఇతర ప్రాంతముల వారికి నాకు తోచిన రెండుమాటలు. చెన్నపట్టణపు పిల్లలు అరవలిపి నేర్చినవారు గనుక క ఖ గ ఘ భేదము చెవికి ముందు ఎక్కించి తరువాత వ్రాయించుడు. మహారాష్ట్రములోని వారికి ఒక లాభమున్నది. చాలు, చుక్క అనుచోట తెలుగువారు పలుకు దంత్యపు చకారము మరాఠీలోను కలదు. యానాములో తెలుగు చుట్టునున్నది, వారికి నా పాఠముతో అంత అవసరము లేదు.

ఫోనుల సంగతి. పిల్లలు తెలుగుమాటను ఆంగ్లాక్షరములతో వ్రాసి పంపుకొందురు. అట్లు వ్రాసిన ఒకే మాటను పది యనియు, పడి యనియు, పాడి యనియు చదువవచ్చును. బస్తాల లెక్కను అట్లు పంపినవాని సాహసము గొప్పది! ఫోనులో తెలుగు అక్షరములే కలవు. వానిని తెరిపించి, దినమునకు ఒక వాక్యము తాతకో అమ్మమ్మకో తెలుగులిపిలో పంపింపుడు. మా అటకమీద మా తాతగారి ఆవర్జాలు పదునొకండు పెట్టెలో నున్నవి. ఏ కరువునాడు ఎవరికి ఎంత వదలివేసిరో అందు వారి చేతివ్రాతలో నున్నది. ఇంటిలో దానిని చదువగలవారము నిన్నటివరకు నేనును నా తమ్ముడును మాత్రమే. ఈ వేసవిలో పిల్ల ఒక పుట చదివినది. మూడుచోట్ల తడబడినది.

తుదకు ఒక అభ్యాసము. ఈ జాబులో ఏడు తప్పులున్నవి. పిల్లలు పెన్సిలుతో దిద్దిన పిమ్మట క్రింద చూడవలెను.

"పూజ్యులైన తాతగారికి నమస్కారములు. ఇచ్చట అందరము క్షేమము. చాతుర్మాంసమునకు గురుదేవులు మా ఊరికి వచ్చినది. నిన్న ఎండకు పాలు విరిగిపోయినది. కందుల లారీ ప్రొద్దున వచ్చినాడు. నాన్నగారు మీకు నిన్ననే పైకము పంపనున్నారు, అందినదా? పర్యుషనములో నేను రెండు ఏకాశనములు చేసితిని. అంగడి తాలపుచెవి ఇప్పుడు నాదగ్గరనే ఉండును."

మొదటిది చాతుర్మాస్యము, సున్న తీసివేయవలెను. రెండవది వచ్చినారు, గురువులకు గౌరవ బహువచనము. మూడవది విరిగిపోయినవి. నాలుగవది వచ్చినది. ఆరవది పర్యుషణము, ణకారము. ఏడవది తాళపుచెవి, ళకారము. అయిదవది నేను చెప్పను. అది దొరకని పిల్లవానికి గుమాస్తా కథ మరల ఒకమారు చదివి వినిపింపుడు.